రిపేరు చేయించాక కూడా కురుస్తున్న మోటార్‌హోమ్: ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. ముచ్చటపడి 2005 నాటి మోటార్‌హోమ్ ఒకటి కొన్నాం, అంటే లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి. ఫోర్డ్ ఈ-450 ట్రక్కు మీద కట్టిన క్లాస్ సి బండి, 29 అడుగులు. డ్రైవర్ తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన పడక ఉంటుంది కదా, వానొస్తే ఆ మూల నుంచి నీళ్ళు దిగేవి. తెలిసినాయన ఒకరు చెప్పిన షాపులో ఇచ్చాం. ఆరు వారాలు ఉంచుకుని 4,200 డాలర్లు తీసుకున్నారు. ఇన్‌వాయిస్‌లో 'పైకప్పు సీలింగ్' అని ఒక్క ముక్క ఉంది, అంతే. మొదటి పెద్ద వానకే మళ్ళీ నీళ్ళు. మా వారు పైకి ఎక్కి చూస్తే పాత సీలెంట్ (సందులు మూసే పూత) మీదే తెల్లగా సిలికాన్ పూసి ఉంది. పడక కింద ప్లైవుడ్ వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ముందు పైన ఉండే చిన్న లైట్లు కూడా వెలగడం లేదు. అడిగితే "పాత బండి, ఇంతే" అన్నారు. వేరే రెండు డీలర్ షాపులు పదేళ్ళు దాటిన బండిని ముట్టుకోబోమన్నాయి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి బండి స్టోరేజ్ లాట్‌లో ఉంది. మే నెలలో అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్ళని అందులో గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళ్ళాలని నా ఆశ. మా వారేమో అమ్మేద్దామంటున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి? పోయిన డబ్బు వస్తుందా?

జవాబు: ముందు ఆ లైట్ల సంగతి చూడండి. నీళ్ళకన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. పడక పైన వరసగా ఉండే ఆ చిన్న లైట్లను క్లియరెన్స్ లైట్లు అంటారు. 80 అంగుళాలు, అంతకు మించిన వెడల్పున్న బండికి అమెరికాలో అవి తప్పనిసరి. చాలా మోటార్‌హోమ్‌లలో వాటికి కరెంటు టెయిల్ లైట్ల లైనులోంచే వస్తుంది. కాబట్టి ఈసారి లాట్‌కి వెళ్ళగానే ఒకరు హెడ్‌లైట్లు వేయండి, ఇంకొకరు వెనక్కి వెళ్ళి టెయిల్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. అవీ వెలగకపోతే ఫ్యూజు పోయి ఉండొచ్చు. అదే ఆంపియర్ల ఫ్యూజు ఒక్కసారి మార్చి చూడండి. మళ్ళీ పోతే అక్కడితో ఆపేయండి. సీలింగ్ చేసేటప్పుడు లైట్లు ఊడదీసి బిగించి ఉంటారు. స్క్రూ కింద వైరు నలిగి ఉండొచ్చు, హోల్డర్‌లోకి నీళ్ళు చేరి ఉండొచ్చు. ఎవరు చెప్పినా సరే, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు మాత్రం పెట్టకండి. ఫ్యూజు నిలబడుతుంది, వైరు కాలుతుంది. ఆ వైరు చుట్టూ ఉన్నది పలుచటి ప్లైవుడ్డు, ఫోము. ఆ లైను బాగయ్యేదాకా రాత్రిపూట బండి రోడ్డెక్కకూడదు.

ఇక నీళ్ళు. క్లాస్ సి బండ్లలో మీరు చెప్పిన ఆ ముందు మూలే అన్నిటికన్నా బలహీనమైన చోటు. పైకప్పు, ముందు గోడ, పక్క గోడ మూడూ అక్కడే కలుస్తాయి. అతుకు మీద అల్యూమినియం పట్టీ, దాన్ని పట్టి ఉంచే స్క్రూలు, దగ్గర్లోనే లైట్ల కోసం చేసిన రంధ్రాలు, కొన్ని బండ్లకు ముందు కిటికీ కూడా ఉంటుంది. హైవే మీద వానలో వెళ్తున్నప్పుడు గాలి నీటిని సూటిగా ఆ అతుకుల్లోకి కొడుతుంది. పట్టీ కింద ఉండే బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) ఇన్నేళ్ళ ఎండకి గట్టిపడి, ముడుచుకుపోయి, సందులు వదిలేస్తుంది. ఆ టేపు మార్చకుండా పైన ఏం పూసినా నీళ్ళు లోపలికి పోతూనే ఉంటాయి.

సిలికాన్ పూయడం వల్ల ఇంకో నష్టం జరిగింది. మీ బండి కాలం నాటి మోటార్‌హోమ్‌లలో చాలావాటికి పైకప్పు రబ్బరు పొర. ఈపీడీఎం అంటారు. మామూలు సిలికాన్ దానికి సరిగా అంటుకోదు. కొన్నాళ్ళకి అంచులు లేచి, ఆ సందులోకి చేరిన నీళ్ళు బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతాయి. పైగా ఒకసారి సిలికాన్ పడ్డ చోట తర్వాత ఏ మంచి సీలెంటూ పట్టు నిలవదు. దాన్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో అంగుళం అంగుళం గీకి తీయాలి. తొందరపడి పెట్రోలు జాతి సాల్వెంట్లు వాడితే రబ్బరే ఉబ్బి పాడవుతుంది. కొత్తగా చేసేవాళ్ళకి సగం పని ఈ పాత పూత తీయడమే. పైకప్పు మీద అతుకులకు దానంతటదే పరుచుకునే ల్యాప్ సీలెంట్, నిలువు అతుకులకు జారని రకం, పట్టీల కిందా లైట్ల కిందా కొత్త బ్యూటైల్ టేపు వాడాలి. ఈ మూడింటి పేరూ ఎత్తకుండా "సీల్ చేసేస్తాం" అనేవాళ్ళకి బండి ఇవ్వకండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్న మీ ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. మీరు బాగుచేసేవాళ్ళ కోసం వెతుకుతున్నారు. దానికి ముందు, ఏం పాడైందో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి బాగుచేసే మనిషి కాకూడదు. ఈ జవాబంతటిలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. మొదటి షాపులో జరిగిన పొరపాటు సిలికాన్‌తో మొదలవలేదు. నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో కనుక్కోకుండానే వాళ్ళు పని మొదలుపెట్టారు. మన ఊళ్ళో డాబా ఇల్లు కురిస్తే చుక్క హాల్లో పడుతుంది, బీట మాత్రం ఎక్కడో పిట్టగోడ మొదట్లో ఉంటుంది. మోటార్‌హోమ్‌లోనూ అంతే. ఏసీ యూనిట్ కింద దిగిన నీరు పైకప్పు లోపలి దూలం వెంబడి నడిచి ముందు మూలలో బయటపడొచ్చు.

కనుక్కోవడానికి ఒక పరీక్ష ఉంది. పైకప్పు వెంట్‌లో ఒక బ్లోయర్ బిగించి బండి లోపలికి గాలి నింపుతారు. బయట అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లుతారు. సందున్న ప్రతిచోటా బుడగలు లేస్తాయి. దాంతో ఊహాగానాలు ఆగిపోతాయి. బుడగలున్న చోటల్లా ఫోటో తీయించి, రాతపూర్వకంగా రిపోర్టు ఇమ్మనండి. దీనితో పాటు చెమ్మ కొలిచే మీటరుతో గోడలన్నీ చూడమనండి. మామూలు పిన్నుల మీటరు హార్డ్‌వేర్ షాపులో ముప్పై నలభై డాలర్లకే దొరుకుతుంది, మీరూ కొనుక్కోండి. చెక్కలో తేమ 15 శాతం లోపు ఉంటే పొడిగా ఉన్నట్టు, 20 దాటితే తడి చేరినట్టు. మూల నుంచి మొదలుపెట్టి అడుగు అడుగుకీ కొలిచి, గోడ మీద మాస్కింగ్ టేపు అంటించి అంకె రాయండి. చెమ్మ ఎంతదూరం పాకిందో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మీ వారు అమ్మాలా ఉంచాలా అని అడుగుతున్నదానికి జవాబు కూడా ఆ అంకెల్లోనే ఉంటుంది.

ఇలాంటి పరీక్ష చేసేవాళ్ళు మీకు దూరంలో లేరు. ఆర్వీ (మోటార్‌హోమ్ లాంటి విహార బండ్లు) టెక్నీషియన్లకూ ఇన్‌స్పెక్టర్లకూ శిక్షణనిచ్చే నేషనల్ ఆర్వీ ట్రైనింగ్ అకాడమీ మీ టెక్సస్‌లోనే, డాలస్‌కి ఆగ్నేయంగా ఉన్న ఏథెన్స్ ఊళ్ళో ఉంది. నేషనల్ ఆర్వీ ఇన్‌స్పెక్టర్స్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని వెతకండి. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో ఉన్న ఆర్వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా మెట్లవారీగా సర్టిఫికెట్లు ఇస్తుంది. మోటార్‌హోమ్‌లు ఎక్కువగా తయారయ్యే ప్రాంతం అదే. ఫోన్ చేసినప్పుడు ఒకటే అడగండి: "మీరు పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారా, పని వేరేవాళ్ళకి ఇచ్చుకోవచ్చా?" సరేనన్నవాళ్ళకి డబ్బిచ్చి పిలవండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది, అవనివ్వండి. ఊరికే చూసి అంచనా చెబుతామనేవాళ్ళు వాళ్ళకి చేతనైన పనినే మీ బండికి జబ్బుగా చెబుతారు.

బాగుచేసే దగ్గర బండిని రెండుగా విడదీసి ఆలోచించండి. ఇంజను, బ్రేకులు, స్టీరింగు, టైర్లు అన్నీ ఫోర్డ్ ట్రక్కువి. వాటిని వాణిజ్య ట్రక్కులు చూసే ఫోర్డ్ డీలరుకో మంచి ట్రక్కు మెకానిక్కుకో ఇవ్వండి. 29 అడుగుల బండి పట్టే బే, దాన్ని ఎత్తే లిఫ్టు ఉన్నాయా అని ముందే కనుక్కోండి. ఇల్లు భాగానికి, అంటే పైకప్పు, గోడలు, గ్యాసు, 12 వోల్టుల వైరింగుకి, ఒంటరిగా పనిచేసే మొబైల్ ఆర్వీ టెక్నీషియన్ మేలు. డీలర్ షాపులు పాత బండ్లు వద్దనడం మీ ఒక్కరికే జరిగింది కాదు. వాళ్ళకి వారంటీ పనులే బోలెడు. పాత బండి విప్పితే లోపల ఏం బయటపడుతుందో తెలియదు, భాగాలు దొరకవు. 2009 మాంద్యంలో ఫ్లీట్‌వుడ్, మొనాకో లాంటి పెద్ద కంపెనీలే దివాలా తీశాయి. అప్పటి బండ్లకు పట్టీలూ తలుపులూ ఇప్పుడు ఆర్వీ సాల్వేజ్ యార్డుల్లో, అంటే పాత బండ్లు విప్పి భాగాలు అమ్మే చోట్ల, వెతుక్కోవాల్సిందే. మొబైల్ టెక్నీషియన్లకు ఈ వెతుకులాట అలవాటే. అయితే చాలా స్టోరేజ్ లాట్‌లు లోపల రిపేర్లు చేయనివ్వవు. లాట్ ఆఫీసులో ముందే అడగండి. కాదంటే నెల రోజులకి ఒక ఆర్వీ పార్కులో చోటు తీసుకుని అక్కడ చేయించుకోవచ్చు. కొన్ని పార్కులు పదేళ్ళు దాటిన బండ్లను రానివ్వవు, అదీ ఫోన్‌లోనే తేల్చుకోండి.

టెక్నీషియన్ వచ్చేలోపు మీ చేతిలో ఉన్న పనులు కొన్ని. పరుపు, దిండ్లు, కర్టెన్లు బయటికి తీసేయండి. మెత్తబడ్డ పైకప్పు మీదికి మీ వారు మళ్ళీ ఎక్కొద్దు, కాలు లోపలికి దిగిపోతుంది. నిచ్చెన మీద నిలబడే టార్పాలిన్ కప్పి, గాలికి కొట్టుకోకుండా గట్టిగా కట్టండి. వదులుగా ఉంటే అది రబ్బరుని గీసేస్తుంది. లాట్‌లో కరెంటు ఉంటే డీహ్యూమిడిఫైయర్ పెట్టండి, లేకపోతే తేమ పీల్చే డబ్బాలు అయినా పెట్టండి. బూజు వాసన వస్తుంటే ఎన్95 మాస్కు లేకుండా లోపల పని చేయకండి. మెత్తబడ్డ చెక్క మీద ఎపాక్సీ పోసి గట్టిపరచమని చాలామంది చెబుతారు. ఆ పడక మీద మనుషులు పడుకుంటారు, అలా చేయొద్దు. చివికిన చెక్క కోసి తీసేసి, లోపల పూర్తిగా ఆరనిచ్చి, కొత్త చెక్క జత చేయాలి.

డబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "పాత బండి, ఇంతే" అన్న మాటతో చాలామంది నోరు మూసుకుని వచ్చేస్తారు. టెక్సస్ సుప్రీం కోర్టు 1987లో మెలడీ హోమ్ కేసులో ఇచ్చిన తీర్పు మీకోసమే ఇచ్చినట్టు ఉంటుంది. 1979లో ఒక కుటుంబం ఫ్యాక్టరీలో తయారైన ఇల్లు కొనుక్కుంది. ఇల్లు ఎప్పుడూ చెమ్మగా ఉండేది. రెండేళ్ళు దాటాక తెలిసిందేమిటంటే, సింకు గొట్టాన్ని డ్రెయినుకి కలపనేలేదు, నీళ్ళన్నీ గోడలోకే పోతున్నాయి. కంపెనీ పనివాళ్ళు రెండుసార్లు వచ్చి బాగుచేశారు. రెండోసారి వాషింగ్ మెషీన్ డ్రెయిను తిరిగి కలపకుండా వెళ్ళిపోయారు, ఇల్లంతా నీళ్ళు. వస్తువుని బాగుచేసేవాడు పనిని సవ్యంగా, ఆ వృత్తి తెలిసినవాళ్ళు మెచ్చే తీరులో చేస్తానని హామీ ఇచ్చినట్టే లెక్క, కాగితం మీద రాయకపోయినా సరే అని కోర్టు తేల్చింది. బండి వయసుకీ పాత సీలెంట్ తీయకుండా పైన సిలికాన్ పూయడానికీ సంబంధం లేదు. మీ ఇన్‌వాయిస్ వెనక సన్నటి అక్షరాల్లో పని నాణ్యత గురించి షరతులేమైనా ఉంటే మాత్రం వాటిని వినియోగదారుల కేసులు చూసే లాయరుకి చూపించండి.

ఆ హామీని నిలబెట్టే చట్టం డీటీపీఏ (మోసపు వ్యాపార పద్ధతుల నుంచి వినియోగదారులను కాపాడే చట్టం), టెక్సస్‌లో 1973 నుంచి ఉంది. దావా వేయడానికి 60 రోజుల ముందు షాపుకి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అందులో జరిగిందేమిటో, మీకెంత నష్టమో అంకెతో సహా రాయాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ఆ 60 రోజుల్లో వాళ్ళు బండిని చూస్తామని అడగొచ్చు. కాబట్టి రిపోర్టు, ఫోటోలు చేతికి రాకముందు, వాళ్ళకి చూసే అవకాశం ఇవ్వకముందు అన్నీ పీకి పారేయకండి. గీకి తీసిన సిలికాన్ ముక్కలు, చివికిన ప్లైవుడ్ తేదీ రాసి సంచిలో దాచండి. దావాకి గడువు రెండేళ్ళు. 20,000 డాలర్ల లోపు కేసు జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు) మీరే సొంతంగా వేసుకోవచ్చు. చాలా షాపులు నోటీసు దశలోనే బేరానికి వస్తాయి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, ఆ బాకీ ఇంకా పూర్తిగా తీర్చకపోతే, బ్యాంకుకి కూడా వెంటనే రాతలో అభ్యంతరం చెప్పండి.

ఎంత అడగాలన్నది మాత్రం న్యాయంగా ఆలోచించండి. ప్లైవుడ్ ఒక్క వానకి అంత మెత్తబడదు. ఆ పుచ్చు మీరు కొనకముందే మొదలై ఉండొచ్చు. దాని ఖర్చంతా షాపు మీద వేస్తే మీ కేసు బలహీనపడుతుంది. కట్టిన 4,200, సిలికాన్ తీసే కూలి, లైట్ల వైరింగు, రిపేరు తర్వాత పెరిగిన నష్టం, ఇవి అడగండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. నెమ్మదిగా దిగే నీటికీ పుచ్చిపోవడానికీ సాధారణంగా పాలసీలు వర్తించవు.

కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులకి ఒక మాట. అక్కడ 1971 చట్టం ప్రకారం రిపేరు షాపు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, ముందే రాతపూర్వక అంచనా ఇవ్వాలి. తీసిన పాత భాగాలు కావాలని ముందుగా అడిగితే తిరిగి ఇవ్వాలి. టెక్సస్‌లో అలాంటి నమోదు వ్యవస్థ లేదు కాబట్టి ఆ షరతులన్నీ మీరే కాగితం మీద రాయించుకోవాలి: ఏ అతుకు విప్పుతారు, ఏ సీలెంట్ వాడతారు, రోజూ ఫోటోలు, లోపల పుచ్చు ఎక్కువ బయటపడితే ఆపి ఫోన్ చేయడం, పని పూర్తయ్యాక మళ్ళీ ఆ సబ్బునీళ్ళ పరీక్ష. చివరి వాయిదా ఆ పరీక్ష నెగ్గాకే ఇస్తామని చెప్పండి.

షాపు గురించి చెప్పినాయన ముందు మొహమాటం పడుతున్నారేమో అనిపించింది. నోటీసు పంపే ముందు ఆయనకి మీరే ఫోన్ చేసి చెప్పండి. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. రేపు ఇంకో నలుగురికి అదే షాపు చెప్పకుండా ఆగుతారు, అది కూడా మేలే.

ఉంచుకోవాలా, అమ్మాలా? చెమ్మ ముందు పడక నేల, ముందు గోడ వరకే ఉంటే ఉంచుకోండి. ఆ భాగం విప్పి కట్టడం కష్టమైన పనే కానీ తెలిసిన పని, ఎంతోమంది చేస్తున్నారు. 20 దాటిన అంకెలు పక్క గోడల వెంబడి నేలదాకా వెళ్తున్నా, పైకప్పు నడుమ మెత్తగా ఉన్నా, బయటి గోడ బుడగలా ఉబ్బి ఉన్నా, ఇంకో డాలరు పెట్టకండి. అప్పుడు మీ వారి మాటే సరైనది. అమ్మేటప్పుడు ఆ రిపోర్టు కొనేవాళ్ళకి ఇవ్వండి. ధర తగ్గుతుంది. అయినా మీకు జరిగింది వాళ్ళకి జరగకూడదు కదా.

మే ప్రయాణాన్ని మాత్రం ఈ బండి నుంచి వేరు చేయండి. ఇది నా గట్టి అభిప్రాయం. నోటీసు గడువే 60 రోజులు, చెక్క ఆరడానికి సమయం పడుతుంది, మంచి టెక్నీషియన్లు వసంతంలో ఖాళీగా ఉండరు. తేదీ తరుముతుంటే మళ్ళీ ఎవరో మమ అనిపించి పంపుతారు. డాలస్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ దక్షిణ అంచుకి ఒక వైపే వెయ్యి మైళ్ళు. అది 7,000 అడుగుల ఎత్తు, మే నెలలో కూడా రాత్రిళ్ళు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. అంటే రాత్రంతా గ్యాసు హీటరు నడవాలి. గ్యాసు లైను పరీక్ష చేయించకుండా, కొత్త కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా పెద్దవాళ్ళని అందులో పడుకోబెట్టకూడదు. ఆ అలారాలకి గడువు తేదీ ఉంటుంది, 2005 నాటిది ఎప్పుడో పనికిరాకుండా పోయి ఉంటుంది. టైర్లూ చూడండి. పక్కన డీఓటీ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2316 అంటే 2016లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా, ఏడేళ్ళు దాటినవి మార్చేయండి. పాత గ్యాసు ఫ్రిజ్‌లు కొన్నిటిని నిప్పంటుకునే ప్రమాదం ఉందని డొమెటిక్ కంపెనీ 2006లోనూ 2008లోనూ రీకాల్ చేసింది. మీ ఫ్రిజ్ నంబరుతో ఒకసారి వెతకండి. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కాబట్టి వీటిని అడిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఈ వేసవికి ఒక మోటార్‌హోమ్ అద్దెకి తీసుకోండి. 30 అడుగుల లోపు బండి చూసుకుంటే దక్షిణ అంచులోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ పడుతుంది. అక్కడ కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఉండవు కాబట్టి పెద్దవాళ్ళతో అయితే పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్ నయం. మే నెలకి చోట్లు త్వరగా నిండిపోతాయి, ఈ వారమే బుక్ చేయండి. మామయ్యగారికి ముందు పడక ఎక్కే నిచ్చెన కష్టం. వెనక గదిలో, మూడు వైపుల నుంచీ దిగడానికి వీలున్న మంచం ఉన్న బండి అడిగి తీసుకోండి.